మనీప్లాంటు తీగ – తమలపాకు తీగ

తమలపాకు గుణములను గురించి గృహిణులకు ఉపయోగపడే విధంగా ఒక వ్యాసం వ్రాయవలెనని చాలకాలంగా అనుకుంటున్నాను. అయితే తమలపాకును గురించి చెప్పేముందు తమలపాకు కాని మరొక తీగను గురించి చెప్పక తప్పని అవసరం ఏర్పడినది. ఆ అవసరం కలిగించినది నా పొరపాటే గనుక, మొదట దానినే విన్నవించుకుంటాను.

మూడేళ్ళ క్రిందట, మార్గశిర మాసంలో జరిగిన సంగతి. మా మామిడికుదురులో మా వీధిలోనే పుట్టిపెరిగిన అమ్మాయి ఒకామె వివాహమై హైదరాబాదులో స్థిరపడినది. వరుసకు నన్ను బాబాయిగారూ అని పిలుస్తుంది. ఒకనాటి రాత్రి ఫోను చేసి, నాలుగేళ్ళ కుమారునికి రెండు రోజులుగా జలుబు, రొమ్ము పట్టినట్లున్నదని చెప్పినది. జ్వరం ఉన్నదా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరవేస్తున్నాడా, అన్నం తింటున్నాడా అని అడిగినాను. జ్వరం లేదు, ఆయాసం లేదు, ఆటలు మానలేదు అన్నది.

"తమలపాకుకు ఆముదం రాసి, దీపపు సెగను వెచ్చచేసి, ముందు నీ ముంజేతి మీద వేసుకొని వేడి చూసుకొని, ఆ తరువాత వాడి రొమ్ము మీద పరువమ్మా. ఆకు రసం నాలుగైదు చుక్కలు తేనెలో రంగరించి నాకించు" అన్నాను.

"బజారుకు వెళ్ళే పని లేదు బాబాయిగారూ, మా బాల్కనీలోనే తీగ ఉంది."

"అయితే ఇంకేమి" అన్నాను.

ఆ మాటకు నేటికీ సిగ్గుపడుతున్నాను. అరగంట గడవకముందే మళ్ళీ ఫోను వచ్చినది. పిల్లవాడు నోరు పట్టుకొని ఏడుస్తున్నాడని, పెదవులు, నాలుక ఉబ్బినవని, చొంగ ధారగా కారుతున్నదని, మాట రావడం లేదని ఆమె భయంతో చెబుతుంటే నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. తమలపాకు రసం ఘాటుకు పిల్లవాడు మొహం చిట్లించవచ్చును గానీ నాలుక ఉబ్బదు. "ఆ ఆకు పారవేసి, చల్లని పాలతో నోరు తడుపుతూ దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపో" అని మాత్రం చెప్పగలిగినాను. ఆ రాత్రి వారిని అక్కడ ఉంచుకొని, గొంతులో వాపు లేదని నిర్ధారించుకొని, తెల్లవారిన తరువాత పంపినారు. రెండు రోజులు పాలు, పెరుగన్నం తప్ప మరేదీ మింగలేకపోయినాడు. భగవంతుని దయవలన ఆపైన ఏ బాధా లేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి ప్లాస్టిక్ సంచిలో ఒక ఆకు తెచ్చి నా ముందు పెట్టినది. ఆకుపచ్చని ఆకు, అక్కడక్కడ లేత పసుపు చారలు, మైనం పూసినట్లున్న మెరుపు. మనీప్లాంటు. "మా అత్తగారు తమలపాకే అన్నారు బాబాయిగారూ. నాకూ అలాగే అనిపించింది" అన్నది. ఆ అత్తగారు నగరంలో పుట్టి పెరిగినవారు. తాంబూలంలో కట్టగా వచ్చే ఆకును చూసినవారే గానీ తీగ మీద ఉన్న ఆకును చూసినవారు కారు. వారిని తప్పు పట్టవలసిన పని లేదు. ఏ తీగ, ఆకు వాసన ఎట్లున్నది అని నేను అడుగకపోవడమే తప్పు.

మా గురువుగారి వద్ద చదువుకునే రోజులలో చరక సంహిత సూత్రస్థానపు మొదటి అధ్యాయం పాఠమైనప్పుడు ఆయన ఒక విషయం మీద చాలసేపు ఆగేవారు. తెలియని ఔషధం విషంతోను, ఆయుధంతోను, నిప్పుతోను సమానమని చరకుడు అక్కడ హెచ్చరిస్తాడు. ఓషధుల పేర్లు, రూపములు అడవిలో మేకలు, గొఱ్ఱెలు, ఆవులు కాచుకునేవారికి తెలుసునని, వైద్యుడు అంతకు మించి వాటిని ప్రయోగించే విధానం తెలిసినవాడై ఉండవలెనని కూడా అంటాడు. మా గురువుగారు ఆ భాగం చెప్పిన మరునాడు మమ్మల్ని పుస్తకాలు మూయించి కొబ్బరితోటలలోనికి తీసుకుపోయేవారు. దింపు తీసే కార్మికుని చేత ప్రతి తీగ పేరూ చెప్పించేవారు. ఆకు నలిపి వాసన చూడకుండా పేరు చెప్పిన శిష్యునికి ఆ పూట చీవాట్లు తప్పేవి కావు. నేను యాభై ఏళ్ళ తరువాత ఆ చీవాట్లకు తగిన పని చేసినాను.

ఇంతకూ ఈ మనీప్లాంటు ఎక్కడిది? మన నిఘంటువులలో వెదికితే దొరకదు. శాంత మహాసముద్రంలో ఫ్రెంచి పోలినీసియాకు చెందిన మూరియా అనే చిన్న ద్వీపం దీని జన్మస్థానమని వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. ఐరోపావారు 1880లో దీనికి మొదటిసారిగా శాస్త్రీయ నామం పెట్టినారు. భావమిశ్రుడు తన నిఘంటువును కూర్చినది 16వ శతాబ్దంలో. కావున మన పూర్వులు దీని గుణదోషములు చెప్పలేదంటే అది వారి లోపం కాదు, వారు దీనిని చూడనే లేదు. నేటి శాస్త్రనామం ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. ఉష్ణమండలపు వర్షారణ్యాలలో నేల మీద పుట్టి, పక్కనున్న వృక్షాన్ని వేళ్ళతో పట్టుకొని, వెలుతురు కోసం పైకి పాకిపోవడం దీని స్వభావం. ఇంటిలో సీసాలో ఉన్నంతకాలం అరచేయంత ఆకులు వేస్తుంది. దానినే తెచ్చి కోనసీమలో ఒక కొబ్బరిచెట్టు మొదట నాటి చూడండి. ఏడెనిమిది సంవత్సరాలలో మొవ్వు దగ్గరకు చేరి, ఆకులు చేటలంత వెడల్పై, అంచులు చీలి, ఇది మన బాల్కనీలోని తీగేనా అని ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇది పూయడం అత్యంత అరుదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని తయారుచేసుకునే శక్తి ఈ తీగలో లోపించినదని 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తేలినది. పూవు లేదు గనుక గింజ లేదు. ప్రపంచమంతటా వ్యాపించినది కేవలం ముక్క విరిచి నాటినందువలననే. మన కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్ళినవారు దీనిని, దీనితోపాటు ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, సింగోనియం వంటి తీగలను వరుసలు వరుసలుగా చూచియే ఉంటారు. ఇవన్నీ ఆకుల అందం కోసం పెంచే పాకుడు మొక్కలు, ఒకే కుటుంబానికి చెందినవి.

ఆ కుటుంబం మనకు క్రొత్తది కాదు. కోనసీమలో కొబ్బరి నీడన పండే కంద, చేమ కూడా ఆ కుటుంబమువే. పెళ్ళిభోజనంలో కందబచ్చలి లేకపోతే అలిగే ప్రాంతం మాది. కంద తరిగేటప్పుడు చేతులకు కొబ్బరినూనె రాసుకోవడం, కూరలో చింతపండు పులుసు పోయడం మా ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ దురదకు కారణమేమిటో నేటి శాస్త్రం చక్కగా వివరించినది. ఈ మొక్కల కణాలలో కాల్షియం ఆక్సలేటు అనే పదార్థం సూదుల వంటి స్ఫటికాలుగా, కట్టలు కట్టలుగా ఉంటుంది. మొక్క కదలకుండా ఉన్నంతసేపు అవి ఎవరినీ బాధించవు. తరిగినా, నమిలినా కణాలు చిట్లి సూదులు బయటికి వచ్చి చర్మంలోను, నాలుకలోను గుచ్చుకుంటాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనవారు సామెత చెప్పుకుంటారు గదా! నిజంగానే కందకు ఏ దురదా లేదు. దురదంతా తరిగినవారికీ, పచ్చిది తిన్నవారికీ.

అయితే కందను మన పెద్దలు విడిచిపెట్టలేదు. ఉడికించి, పులుసు చేర్చి, పథ్యంగా మార్చుకున్నారు. దుంపకూరలలో సూరణకందమే శ్రేష్ఠమని శాస్త్రం అంటుంది, మూలవ్యాధిని హరించేది గనుక దానికి అర్శోఘ్నమనే పేరు కూడా కలదు. తరతరాల అనుభవంతో దానిని శుద్ధి చేసుకునే పద్ధతి మనకు దక్కినది. మనీప్లాంటుకు అటువంటి అనుభవం లేదు, శుద్ధి విధానం లేదు, వైద్యంలో స్థానమూ లేదు. సుశ్రుతుడు కల్పస్థానంలో స్థావర విషములకు వేరు, ఆకు, పండు, పూవు, బెరడు, పాలు, చేవ, జిగురు, ఖనిజము, దుంప అనే పది ఆశ్రయములను లెక్కించినాడు. ఈ తీగను అందులో ఆకు క్రింద జమకట్టవలెను. ప్రాణాంతకమని భయపడవలసిన పని లేదు. ఒక్క ముక్క కొరకగానే మంట పుట్టడం వలన ఎవరూ ఎక్కువ తినలేరు. కానీ పసిపిల్లల గొంతు చిన్నది. రసం తీసి తాగిస్తే ప్రమాదం తప్పకుండా పెరుగుతుంది. ఇదే కుటుంబంలోని డైఫెన్‌బాకియా అనే కుండీ మొక్క ఇంకా తీవ్రమైనది. అది నమిలినవారికి నోరు వాచి మాట పడిపోతుంది గనుక ఇంగ్లీషువారు దానిని మూగచెరకు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. పెంపుడు కుక్కలకు, పిల్లులకు కూడా ఈ ఆకులు హాని చేస్తాయి.

ఇక ఆకును గుర్తించడం. రెండింటికీ హృదయాకారమే గనుక ఆకారం చూచి మోసపోవద్దు. తమలపాకును వ్రేళ్ళ మధ్య నలిపితే తెలిసిన ఘాటైన పరిమళం వస్తుంది. మనీప్లాంటు ఆకును నలిపితే పచ్చగడ్డి వాసన తప్ప మరేమీ రాదు. ఈ ఒక్క పరీక్ష చాలును. (నాలుకతో మాత్రం పరీక్షించవద్దు.) ఇంకా సందేహమైతే ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూడండి. తమలపాకులో తొడిమ దగ్గరనుండే అయిదో ఏడో ఈనెలు బయలుదేరి, విల్లులా వంగి, కొన వైపు పోతాయి. మనీప్లాంటులో నడిమి ఈనె ఒక్కటే లావుగా ఉండి, దానినుండి సన్నని ఈనెలు పక్కలకు పోతాయి. దాని తొడిమ పైభాగాన గాడి ఉంటుంది. ఆకు దళసరిగా, నున్నగా ఉంటుంది. పసుపు, తెలుపు మచ్చలున్న ఆకు ఏదైనా సరే, తమలపాకు అని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

పొరపాటున పిల్లలు నమిలినట్లయితే నోటిలోని ముక్కలను తడిగుడ్డతో తుడిచి తీయవలెను. చల్లని నీళ్ళతో పుక్కిలింపజేసి, చల్లని పాలు గానీ పెరుగు గానీ కొద్దికొద్దిగా పట్టవచ్చును. వాంతి చేయించరాదు. సూదులు వచ్చేటప్పుడు గొంతును రెండవసారి గాయపరుస్తాయి. కందకు పనిచేసినది గదా అని చింతపండు పులుసు పుండుపడిన నోటిలో పోయవద్దు. రసం కంట పడితే పావుగంట సేపు ధారగా మంచినీటితో కడగవలెను. స్వరం బొంగురుపోయినా, ఊపిరి పీల్చడంలో శబ్దం వచ్చినా, ఉమ్మి మింగలేకపోయినా గృహవైద్యం జోలికి పోక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరవలెను. అక్కడ ఆకును కూడా చూపించండి, పేరు చెప్పడం కంటె అది మేలు.

ఈ తీగను ఇంటిలో పెంచరాదా అని కొందరు గృహిణులు నన్ను అడుగుతుంటారు. నిరభ్యంతరంగా పెంచవచ్చును. కంటికి ఆహ్లాదం, పోషణకు శ్రమ లేదు, మసక వెలుతురులో కూడా బ్రతుకుతుంది. పాకే వయసు పిల్లలున్న ఇంట చేతికందని ఎత్తులో పెట్టుకుంటే సరిపోతుంది. అయితే సీసాలో నీరు పోసి పెంచేవారు ఒక విషయం మరువరాదు. డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే దోమ మురుగులో కాదు, ఇటువంటి తేటనీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి ఎనిమిది పది రోజులు చాలును. అందుచేత వారానికొకసారి నీరు పారబోసి, సీసా లోపలి అంచును గట్టిగా తోమి, మళ్ళీ నింపవలెను. నీరు మార్చితే చాలునని కొందరనుకుంటారు. గుడ్లు అంచుకు అంటుకొని ఉంటాయి గనుక తోమనిదే పోవు. మా ప్రాంతంలో కాలువలు, బోదెలు, వర్షాకాలంలో కొబ్బరిచిప్పలు చాలును దోమలకు, సీసాలు కూడా అందించనక్కరలేదు.

గాలిని శుద్ధి చేస్తుందన్న ప్రచారం మరొకటి. 1989లో అమెరికావారి అంతరిక్ష సంస్థ నాసా మూసిన పెట్టెలలో కొన్ని మొక్కలను ఉంచి చేసిన పరిశోధన దీనికి మూలం. మన ఇల్లు మూసిన పెట్టె కాదు. ఈ రకపు పరిశోధనలనన్నిటినీ సమీక్షించి 2019లో వెలువడిన వ్యాసం ప్రకారం, కిటికీల వంటి మార్గాలలో సహజంగా జరిగే గాలి మార్పిడికి సమానమైన ఫలితం రావలెనంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, కొన్ని లెక్కలలో వెయ్యి మొక్కలు కావలెను. మనుషులు నిలుచునే చోటుండదు. కిటికీ తెరవడం సులువు. ధనం వస్తుందన్న నమ్మకం, పొరుగింటినుండి దొంగిలించి తెచ్చి నాటితేనే కలిసివస్తుందన్న నమ్మకం సంగతి నేను చదివిన ఏ శాస్త్రంలోను లేదు. రెండవ నమ్మకం వలన నర్సరీవారికి నష్టం, పొరుగువారితో మాటపట్టింపు మాత్రం కలుగగలవు.

మరొక భ్రమను కూడా తొలగించవలసి ఉన్నది. ఏనుగ పిప్పలి అని మందుల అంగళ్ళలో చక్రాలుగా కోసి ఎండబెట్టిన కాయ ముక్కలు అమ్ముతారు. శ్వాసకాసలలో వాడే గజపిప్పలి అదేనని అంటారు. ఆ కాయనిచ్చే తీగ మనీప్లాంటుకు దగ్గరి చుట్టం. దాని శాస్త్రనామం సిండాప్సస్ అఫిసినాలిస్. దానికి మొదటి లాటిన్ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1780 దశకంలో మన సామర్లకోటలో కంపెనీ వైద్యునిగా ఉండి, తోట వేసి, రాజమహేంద్రవరం కొండలలో దొరికిన అడవి మిరియపు తీగలను పెంచి చూచిన మనిషి ఆయన. భావమిశ్రుడు మాత్రం గజపిప్పలి అంటే చవ్యపు కాయ అన్నాడు. చవ్యం మిరియపు కుటుంబానిది. అనగా గజపిప్పలి విషయంలో పెద్దలలోనే ఏకాభిప్రాయం లేదు. అటువంటప్పుడు దానికి చుట్టమన్న ఒక్క కారణంతో మనీప్లాంటు ఆకు దగ్గుకు పనికివస్తుందని ప్రచారం చేయడం తగదు. నేను ఈ మాట ఒకరిద్దరు చదువుకున్నవారి నోటనే విన్నాను.

ఇప్పుడు తమలపాకు. ఇది మిరియము, పిప్పలి, చవ్యములకు తోబుట్టువు. ఇదీ వర్షారణ్యపు తీగయే, నీడ, తేమ, పాకడానికి ఆధారం ఉంటే చాలును. ఆకుతోటలలో అవిసెచెట్లకు పాకించడం మనవైపు పద్ధతి. పెరటిలోనైతే కొబ్బరికి గానీ మునగకు గానీ అల్లించుకుంటారు. నాగవల్లి, తాంబూలవల్లి అని పేర్లు. భావప్రకాశ నిఘంటువులో గుడూచ్యాది వర్గంలో తిప్పతీగతోపాటు చోటు సంపాదించుకున్నది. కటు, తిక్త, కషాయ రసములు కలిగి, ఉష్ణవీర్యమై, కఫవాతములను శమింపజేస్తుంది. పిత్తమును పెంచుతుంది గనుక కడుపులో మంట, నోటిపూత, కంటి మంటలు ఉన్నవారికి, వేసవి మధ్యాహ్నమునకు తగదు. భోజనానంతరం ఒక లేత ఆకు, ఒక లవంగం, చిన్న యాలక్కాయ పలుకు నమిలితే నోటి దుర్వాసన పోయి అన్నం తేలికగా జీర్ణమవుతుంది. చరకుడు దినచర్యలో చెప్పిన తాంబూలంలో జాజికాయ, లవంగం, కర్పూరం వంటి సుగంధ ద్రవ్యములతోపాటు వక్క కూడా ఉన్నది. ఈ వక్క విషయంలో మాత్రం పూర్వుల మాటను యథాతథంగా అనుసరించండని నేను చెప్పలేను. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో పొగాకు కలపని తాంబూలం కూడా, అందులోని వక్క కారణంగా, క్యాన్సర్ కలిగించేదేనని ప్రకటించినది. బుగ్గ లోపల తెల్లబారి, నోరు మూడు వ్రేళ్ళ మేర తెరుచుకోని రోగులను నేను నా కళ్ళతో చూస్తున్నాను. ఆకు ఉంచుకొని వక్కను, పొగాకును విడిచిపెట్టండి.

పిల్లల జలుబుకు ఆముదం రాసిన తమలపాకు పరచడం మంచి పద్ధతియే. ఆకు వేడి చేతికి హాయిగా ఉండవలెనే గాని చురుక్కుమనరాదు. ఏడాది నిండని పసివారికి ఆకు రసం గానీ తేనె గానీ నాకించవద్దు. డొక్కలు లోపలికి పోతూ ఊపిరి తీసే పిల్లవానికి ఏ ఆకూ వేయక వైద్యుని వద్దకు తీసుకుపోవలెను.

ఆ సంక్రాంతికి అమ్మాయి తిరిగి వెళ్ళేటప్పుడు మా పెరటిలోని తీగనుండి మూడు కణుపులున్న ముక్కలు నాలుగు కోసి, తడి గోనెగుడ్డలో చుట్టి ఇచ్చినాను. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు నాటి, ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట పెట్టమని చెప్పినాను. మూడు ఎండిపోయి, ఒకటి నిలిచినది. నిరుడు ఉగాది నాటికి బాల్కనీ కమ్మీల మీదుగా పాకినదట. కుర్రవాడికి మళ్ళీ దగ్గు వచ్చినప్పుడు ఫోను చేసినది.

"ఆకు కోశావా అమ్మా?" అన్నాను.

"కోశాను బాబాయిగారూ."

"నలిపి వాసన చూడు. ఏమి వాసన?"

"మన పెరటి వాసన" అన్నది.

సరే, ఆముదం రాయమన్నాను.